యూనిట్ – 9 : ఒత్తిడి, రోగనిరోధక వ్యవస్థ, సంతాన చికిత్స – ఒక భావన చరిత్ర

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ప్రాచీన భావనలు
9.3 కరువులు చెప్పిన పాఠం
9.4 ఒత్తిడి శాస్త్ర విషయంగా మారడం
9.5 మనసు మీద మోపిన నింద
9.6 గర్భం : రోగనిరోధక శాస్త్రానికి ఎదురైన చిక్కుప్రశ్న
9.7 ఓల్డ్‌హామ్ నుంచి మన నగరాల దాకా
9.8 ఒత్తిడి చికిత్స ఫలితాన్ని మారుస్తుందా?
9.9 రోగనిరోధక చికిత్సలు : ఆశ, పరీక్ష
9.10 నేటి అవగాహన
9.11 సారాంశం
9.12 ముఖ్యపదాలు
9.13 మీ ప్రగతిని సరిచూసుకునే ప్రశ్నలకు సమాధానాలు
9.14 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు :

• మనసుకూ సంతానప్రాప్తికీ సంబంధం ఉందనే భావన కాలక్రమంలో ఎలా మారిందో వివరించగలుగుతారు.
• ఒత్తిడి, రోగనిరోధక శక్తి అనే రెండు శాస్త్ర భావనల పుట్టుకను తెలపగలుగుతారు.
• సంతాన చికిత్సల ఫలితాలపై జరిగిన ముఖ్య పరిశోధనలను పోల్చి, వాటి బలాబలాలను అంచనా వేయగలుగుతారు.
• ఒక వైద్య భావన సామాజిక నిందగా మారే తీరును విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

సంతానం కోసం చికిత్స తీసుకుంటున్న స్త్రీకి ఇంటా బయటా తరచుగా వినిపించే సలహా ఒకటుంది. "దిగులు పెట్టుకోకమ్మా, మనసు కుదుటపడితే కడుపు అదే పండుతుంది" అంటారు. ఓదార్పుగా చెప్పిన ఈ మాటే చికిత్స విఫలమైనప్పుడు నిందగా మారుతుంది. "నువ్వు మనసు నిబ్బరంగా ఉంచుకోలేదు కాబట్టే నిలవలేదు" అనే అర్థం అందులోంచి బయటికి వస్తుంది. ఇటీవలి కాలంలో దీనికి మరో మాట తోడైంది. "నీ శరీరంలోని రోగనిరోధక శక్తే పిండాన్ని తిప్పికొడుతోంది" అనేదే ఆ మాట.

ఈ రెండు మాటలూ శాస్త్రం పేరుతో చెలామణి అవుతున్నాయి. అయితే అవి ఎక్కడి నుంచి వచ్చాయి? వాటిలో రుజువైనది ఎంత? ఊహగా మిగిలింది ఎంత? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే చరిత్రలోకి వెళ్లాలి.

చదివేటప్పుడు మీరు మూడు విషయాలను విడివిడిగా గుర్తుంచుకోవాలి. మొదటిది, మనిషి అనుభవించే ఆందోళన, దిగులు. రెండోది, ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం హార్మోన్ల ద్వారా చూపే ప్రతిచర్య. మూడోది, గర్భాశయంలో తల్లి రోగనిరోధక కణాలు పిండంతో వ్యవహరించే తీరు. ఈ మూడింటి మధ్య కొన్ని సంబంధాలు ఉన్నమాట నిజమే. కానీ ఈ మూడూ ఒకటే అనుకోవడం వల్లనే ఈ చరిత్రలో చాలా పొరపాట్లు జరిగాయి.

9.2 ప్రాచీన భావనలు

మనసుకూ గర్భధారణకూ ముడిపెట్టడం చాలా పాత ఆలోచన. చరక సంహిత సూత్రస్థానంలో గర్భధారణకు తోడ్పడేవాటిలో మనఃప్రసన్నతను శ్రేష్ఠమైనదిగా పేర్కొన్నారు. ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన 'తిమేయస్' సంభాషణలో దీన్ని మరో వైపు నుంచి చూశాడు. ఎక్కువ కాలం ఫలించని గర్భాశయం అశాంతికి లోనై శరీరమంతా తిరుగాడుతుందనీ, దానివల్ల వ్యాధులు పుడతాయనీ వర్ణించాడు. గర్భాశయానికి గ్రీకు భాషలో ఉన్న పేరు నుంచే తరవాతి కాలంలో 'హిస్టీరియా' అనే మాట పుట్టింది.

ఈ రెండు ఉదాహరణలలోని తేడాను గమనించండి. మొదటిదాంట్లో మనసు కారణం, గర్భం ఫలితం. రెండోదాంట్లో సంతానం లేకపోవడం కారణం, అశాంతి ఫలితం. ఏది కారణం, ఏది ఫలితం అనే ఈ ప్రశ్న ఆధునిక పరిశోధనల్లోనూ పదేపదే ఎదురవుతుంది.

భాష కూడా చరిత్రకారుడికి ఒక ఆధారమే. తెలుగులో సంతానం లేని స్త్రీకి 'గొడ్రాలు' అనే కఠినమైన మాట ఉంది. సంతానం లేని పురుషుడికి అంతగా వాడుకలో ఉన్న మాట లేదు. పిల్లలు కలగకపోవడానికి పురుషునిలోని లోపమూ కారణం కావచ్చనీ, చాలా జంటల్లో అదే ప్రధాన కారణమో లేక ఒక పాక్షిక కారణమో అవుతుందనీ వైద్యశాస్త్రం నేడు చెబుతోంది. అయినా నింద మోసే మాట మాత్రం ఒకరికే మిగిలింది.

9.3 కరువులు చెప్పిన పాఠం

తీవ్రమైన కష్టం సంతానోత్పత్తిని తగ్గిస్తుందనడానికి చరిత్రలో బలమైన సాక్ష్యం కరువుల నుంచి దొరుకుతుంది. 1876–78 మధ్య మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామాన్ని మన పెద్దలు 'ధాత కరువు' అన్నారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దాని తాకిడికి తీవ్రంగా గురయ్యాయి. ఆ కాలపు జనన మరణాల నమోదును పరిశీలించిన జనాభా చరిత్రకారులు మరణాలు పెరగడంతోపాటు జననాలు బాగా తగ్గడాన్ని కూడా గుర్తించారు.

1944–45 శీతాకాలంలో జర్మన్ ఆక్రమణలో ఉన్న పశ్చిమ నెదర్లాండ్స్‌లో ఆహార సరఫరా దెబ్బతింది. అప్పుడు చాలామంది స్త్రీలకు నెలసరి ఆగిపోయింది. తొమ్మిది నెలల తరవాత జననాలు బాగా పడిపోయాయి. ఆహారం అందిన తరవాత అవి తిరిగి త్వరగా పెరిగాయి. ఫ్రెంచి చరిత్రకారుడు ఇమాన్యుయేల్ లె రాయ్ లదురీ 1969లో కరువు కాలపు నెలసరి ఆగిపోవడాన్నే ఒక చారిత్రక పరిశోధనాంశంగా తీసుకుని వ్యాసం రాశాడు.

ఈ సాక్ష్యాన్ని జాగ్రత్తగా చదవాలి. కరువులో ఆకలి, జబ్బు, వలస, భార్యాభర్తల ఎడబాటు, భయం అన్నీ కలిసి ఉంటాయి. శరీరంలో శక్తి నిల్వలు అడుగంటినప్పుడు మెదడులోని హైపోథాలమస్ అండోత్పత్తికి కావలసిన సంకేతాలను తగ్గిస్తుంది. దీన్ని ఆధారంగా చూపి, కడుపునిండా తింటూ పరీక్ష ఫలితం గురించి ఆందోళన పడుతున్న స్త్రీ విషయంలోనూ అదే జరుగుతుందని చెప్పడం సరికాదు. అయితే ఇరవయ్యో శతాబ్దంలో అలాంటి పోలికే చాలాసార్లు జరిగింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. కరువు కాలంలో జననాలు తగ్గడానికి మానసిక ఒత్తిడి ఒక్కటే కారణమని ఎందుకు చెప్పలేం?

9.4 ఒత్తిడి శాస్త్ర విషయంగా మారడం

అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన గ్రంథంలో నొప్పి, ఆకలి, భయం, కోపం కలిగినప్పుడు శరీరంలో వచ్చే మార్పులను వివరించాడు. ప్రమాదం ఎదురైన జంతువు పోరాడటానికో పారిపోవడానికో సిద్ధమవుతుందని ఆయన చూపాడు.

ఆ తరవాతి ముఖ్యమైన అడుగు కెనడాలోని మాంట్రియల్‌లో పడింది. అక్కడి మెగ్గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న హాన్స్ సెల్యే 1936లో 'నేచర్' పత్రికలో చిన్న లేఖ ప్రచురించాడు. ఎలుకలను తీవ్రమైన చలికి, గాయాలకు, మితిమీరిన శ్రమకు, విషపూరిత మోతాదుల మందులకు గురిచేసినప్పుడు ఒకే రకమైన మూడు మార్పులు కనిపించాయని అందులో తెలిపాడు. అధివృక్క గ్రంథులు పెరిగాయి, జీర్ణాశయంలో పుండ్లు ఏర్పడ్డాయి, థైమస్ గ్రంథి, శోషరస గ్రంథులు కుంచించుకుపోయాయి. ఈ స్థితినే తరవాతి కాలంలో ఆయన 'స్ట్రెస్' అన్నాడు. మనం దాన్నే 'ఒత్తిడి' అంటున్నాం. 1939లో ప్రచురించిన మరో పరిశోధనలో, ఇలాంటి హాని ఆడ ఎలుకల జననాంగాలపై చూపే ప్రభావాన్ని కూడా ఆయన పరిశీలించాడు.

థైమస్ కుంచించుకుపోవడం అప్పటికి ఒక పరిశీలన మాత్రమే. ఆ గ్రంథి ఏం చేస్తుందో ఎవరికీ స్పష్టంగా తెలియదు. రోగనిరోధక వ్యవస్థ ఎదుగుదలకు అది కీలకమని జాక్ మిల్లర్ 1961లో చూపాడు. అంటే ఒత్తిడికీ రోగనిరోధక శక్తికీ ఉన్న లంకె సెల్యే ప్రయోగంలోనే బయటపడినా, దాని అర్థం పాతికేళ్ల తరవాతగానీ తెలియలేదు. 1975లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ అడర్, నికొలస్ కోహెన్ మరో ముందడుగు వేశారు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందును తీపినీళ్లతో జతచేసి ఎలుకలకు అలవాటు చేశారు. తరవాత ఆ తీపినీళ్లు మాత్రమే ఇచ్చినా వాటి రోగనిరోధక ప్రతిస్పందన తగ్గింది. మెదడుకూ రోగనిరోధక వ్యవస్థకూ మధ్య రాకపోకలు ఉన్నాయని దీనివల్ల తేలింది.

ఈ పరిశోధనలన్నీ విలువైనవే. కానీ వాటి హద్దులు గుర్తుంచుకోండి. అవి ఎలుకలపై జరిగాయి. సెల్యే వాడినవి ప్రాణాపాయానికి దగ్గరగా ఉండే తీవ్రమైన హానులు. అంతటి హానికి శరీరం చూపిన ప్రతిచర్యకూ, రోజువారీ ఆందోళనకూ జనవ్యవహారంలో ఒకే పేరు స్థిరపడింది. పేరు ఒకటి కావడంతో రెండూ ఒకటేననే భ్రమ కలిగింది.

9.5 మనసు మీద మోపిన నింద

1940లు, 1950లలో అమెరికా, ఐరోపా దేశాల వైద్యరంగంపై మనోవిశ్లేషణ ప్రభావం బలంగా ఉండేది. హెలెన్ డాయిచ్ 1944–45లో రెండు సంపుటాలుగా వెలువరించిన స్త్రీ మనస్తత్వ గ్రంథంలో సంతానలేమికి మానసిక మూలాలను చర్చించింది. శరీరంలో కారణం కనబడని చోట, తల్లి కావడంపై స్త్రీకి లోలోపల ఉన్న భయమో విముఖతో కారణమని చెప్పడం ఆ కాలంలో వైద్యులకు అలవాటైంది. పిల్లల కోసం పరితపిస్తున్న స్త్రీతో "నీకే లోపల ఇష్టం లేదు" అని చెప్పడమన్నమాట.

ఈ వాదన బలహీనపడటానికి కొత్త పరికరాలు ప్రధాన కారణం. 1950ల చివరలో రోసలిన్ యాలో, సాల్మన్ బెర్సన్ రూపొందించిన రేడియో ఇమ్యునో పరీక్షతో రక్తంలోని అతి సూక్ష్మ పరిమాణపు హార్మోన్లను కొలవడం సాధ్యమైంది. ఉదరంలోకి సన్నని గొట్టం పంపి చూసే లాపరోస్కోపీ వ్యాప్తితో మూసుకుపోయిన అండనాళాలు, ఎండోమెట్రియోసిస్ వంటి లోపాలు కంటికి కనిపించాయి. అంతకుముందు 'మానసికం' అని ముద్ర పడిన కేసుల్లో చాలావాటికి శారీరక కారణాలు బయటపడ్డాయి.

ఇదే కాలానికి చెందిన మరో నమ్మకం "ఒక బిడ్డను పెంచుకుంటే మనసు కుదుటపడి సొంత బిడ్డ పుడుతుంది" అనేది. మన ఊళ్లలోనూ ఈ మాట వినిపిస్తుంది. 1970ల చివరికి అమెరికాలో జరిగిన పరిశీలనలు దత్తత తీసుకున్న జంటలనూ తీసుకోని జంటలనూ పోల్చాయి. దత్తత వల్ల గర్భధారణ అవకాశం పెరిగినట్లు కనిపించలేదు. దత్తత తరవాత బిడ్డ పుట్టిన ఇంటి కథను పదిమందీ చెప్పుకుంటారు. పుట్టని ఇళ్ల సంగతి ఎవరూ ప్రస్తావించరు. నమ్మకాలు నిలబడే తీరు ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి
2. సంతానలేమికి మానసిక కారణమే మూలమనే వాదన ఏయే సాంకేతిక మార్పుల వల్ల బలహీనపడింది?

9.6 గర్భం : రోగనిరోధక శాస్త్రానికి ఎదురైన చిక్కుప్రశ్న

ఒకరి చర్మాన్ని మరొకరికి అతికిస్తే శరీరం దాన్ని తిప్పికొడుతుంది. బిడ్డలో సగం జన్యువులు తండ్రివి. మరి తొమ్మిది నెలలు తల్లి శరీరం బిడ్డను ఎందుకు తిప్పికొట్టదు? బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడావర్ 1953లో ఈ ప్రశ్న వేశాడు. ఆయన మూడు సమాధానాలు సూచించాడు. తల్లికీ బిడ్డకూ మధ్య శారీరకమైన అడ్డు ఉండవచ్చు. బిడ్డ కణాల గుర్తులు ఇంకా పక్వం కాకపోవచ్చు. లేదా తల్లి రోగనిరోధక వ్యవస్థ మందగించి ఉండవచ్చు. రోగనిరోధక సహనంపై చేసిన కృషికి ఆయనకు 1960లో నోబెల్ బహుమతి లభించింది.

ప్రశ్న గొప్పదే కానీ, అది వేసిన తీరు ఒక చిత్రాన్ని జనం మనసుల్లో నాటింది. తల్లి శరీరం శత్రువు, బిడ్డ చొరబాటుదారు అనేదే ఆ చిత్రం. తరవాతి పరిశోధనలు దీన్ని సవరించాయి. 1980ల నుంచి గర్భాశయ లోపొరపై జరిగిన పరిశోధనల్లో అక్కడ పెద్ద సంఖ్యలో సహజ హంతక కణాలు ఉన్నట్లు తేలింది. పేరు భయంకరమైనదే అయినా, గర్భాశయంలోని ఈ కణాలు పిండాన్ని చంపవు. మాయకు రక్తం అందించే ధమనులు విశాలం కావడానికి అవి తోడ్పడతాయి. రక్తంలో తిరిగే సహజ హంతక కణాలకూ వీటికీ లక్షణాల్లో తేడా ఉంది.

1993లో టామ్ వెగ్మన్, ఆయన సహచరులు మరో భావన ప్రతిపాదించారు. గర్భకాలంలో రోగనిరోధక వ్యవస్థ వాపును కలిగించే ప్రతిస్పందన నుంచి మరో రకం ప్రతిస్పందన వైపు మొగ్గుతుందని వారి వాదన. ఈ భావన ఉపయోగపడినా, అది సమగ్రం కాదని తరవాత తెలిసింది. పిండం గర్భాశయ లోపొరలో నాటుకునే తొలి దశకు కొంత వాపు ప్రతిస్పందన అవసరమే. సహనం కాపాడటంలో నియంత్రక టి కణాల పాత్ర కూడా తరవాత వెలుగులోకి వచ్చింది. ఈ కణాలను గుర్తించిన షిమోన్ సకగూచి 2025 నోబెల్ వైద్య బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్నారు.

కాబట్టి గర్భం నిలవాలంటే రోగనిరోధక శక్తిని అణచివేయాలనే ఆలోచన సరికాదు. అక్కడ జరిగేది అణచివేత కాదు, దశను బట్టి మారే సర్దుబాటు.

9.7 ఓల్డ్‌హామ్ నుంచి మన నగరాల దాకా

1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్ ఆసుపత్రిలో లూయీ బ్రౌన్ జన్మించింది. శరీరం వెలుపల ఫలదీకరణ జరిపి పుట్టిన తొలి శిశువు ఆమె. రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీ కలిసి సాధించిన విజయం ఇది. 1971లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వారికి నిధులు నిరాకరించింది. అయినా వారు పని ఆపలేదు. ఆ దశాబ్దంలో 282 మంది స్త్రీలు ఈ ప్రయత్నంలో పాల్గొన్నారు. 112 సార్లు పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టగా 5 గర్భాలు నిలిచాయి. సజీవ జననాలు రెండే.

ఈ అంకెల ముందు ఒక్క క్షణం ఆగండి. మిగిలిన 280 మందికి బిడ్డ కలగకపోవడానికి వారి దిగులు కారణమా? కాదు. అండాన్ని సేకరించే సమయం, ప్రయోగశాలలో పిండం పెంచే ద్రావణం, హార్మోన్ల వాడకం ఇంకా నేర్చుకునే దశలో ఉన్నాయి. ఆ పద్ధతులు మెరుగుపడిన కొద్దీ విజయాల శాతం పెరిగింది.

మన దేశంలో కోల్‌కతా వైద్యుడు సుభాష్ ముఖోపాధ్యాయ కృషి ఫలితంగా 1978 అక్టోబరు 3న ఒక ఆడశిశువు పుట్టింది. అయితే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నియమించిన సంఘం ఆయన మాట నమ్మలేదు. ఆయన 1981లో మరణించారు. ఆయన కృషికి గుర్తింపు ఆ తరవాత చాలా ఏళ్లకు వచ్చింది. 1986 ఆగస్టు 6న ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ ఇందిరా హిందుజా బృందం చికిత్సతో మరో శిశువు జన్మించింది. నేడు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో సంతాన సాఫల్య కేంద్రాలు సాధారణ దృశ్యం. చికిత్సకు చాలా కుటుంబాలు సొంత సొమ్మో అప్పో పెట్టవలసి వస్తోంది. ఒక్కో ప్రయత్నం ఖరీదైనది కాబట్టి విఫలమైనప్పుడు "ఎందుకు?" అనే ప్రశ్న మరింత పదునుగా వినిపిస్తుంది.

9.8 ఒత్తిడి చికిత్స ఫలితాన్ని మారుస్తుందా?

ఈ ప్రశ్నపై జరిగిన పరిశోధనలు ఒకదానితో ఒకటి పూర్తిగా ఏకీభవించవు. నాలుగింటిని పోల్చి చూద్దాం.

(అ) 2000లో అమెరికాకు చెందిన ఆలిస్ డోమర్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. ఏడాది నుంచి రెండేళ్లుగా సంతానం కోసం ప్రయత్నిస్తున్న 184 మంది స్త్రీలను మూడు బృందాలుగా విడదీశారు. ఒక బృందానికి ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకునే శిక్షణ, ఇంకొక బృందానికి పరస్పర సహాయ సమావేశాలు ఏర్పాటు చేశారు. మూడో బృందానికి ఏదీ లేదు. మొదటి రెండు బృందాల్లో సుమారు 55 శాతం, 54 శాతం మందికి గర్భం నిలవగా, మూడో బృందంలో 20 శాతం మందికే నిలిచింది. ఈ ఫలితం విస్తృత ప్రచారం పొందింది. కానీ మూడో బృందంలో చాలామంది మధ్యలోనే తప్పుకున్నారు. చివరి లెక్కకు మిగిలినవారు 25 మంది మాత్రమే. తప్పుకున్నవారి సంగతి తెలియకుండా మిగిలినవారిని మాత్రమే పోలిస్తే లెక్క తలకిందులయ్యే ప్రమాదం ఉంది.

(ఆ) 2011లో జాకీ బోయివిన్ బృందం 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో 14 అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. వాటిలో మొత్తం 3583 మంది స్త్రీలు ఉన్నారు. చికిత్సకు ముందు కొలిచిన మానసిక క్షోభకూ ఆ విడత చికిత్సలో గర్భం రావడానికీ సంబంధం కనిపించలేదు.

(ఇ) అదే ఏడాది వచ్చిన మరో విశ్లేషణ 31 అధ్యయనాలను పరిశీలించింది. ఒత్తిడికీ ఫలితానికీ కొద్దిపాటి సంబంధం ఉందని తేల్చింది. అయితే ఆ సంబంధం చిన్నది.

(ఈ) 2014లో అమెరికాలోని మిషిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో సహజంగా గర్భం కోసం ప్రయత్నిస్తున్న జంటలపై జరిగిన అధ్యయనం వెలువడింది. లాలాజలంలో ఆల్ఫా అమైలేజ్ అనే ఒత్తిడి సూచిక ఎక్కువగా ఉన్న స్త్రీలలో నెలనెలా గర్భం నిలిచే అవకాశం సుమారు 29 శాతం తక్కువగా కనిపించింది. మరో ఒత్తిడి సూచిక అయిన కార్టిసాల్‌కు మాత్రం అలాంటి సంబంధం లేదు. పైగా వీరు చికిత్సలో ఉన్నవారు కారు.

వీటన్నిటినీ కలిపి చదివితే ఏం తెలుస్తుంది? దీర్ఘకాలపు ఒత్తిడి గర్భధారణను కొంత ఆలస్యం చేసే అవకాశాన్ని తోసిపుచ్చలేం. కానీ చికిత్స జరుగుతున్నప్పుడు కలిగే ఆందోళన వల్ల ఆ విడత విఫలమవుతుందని చెప్పడానికి బలమైన ఆధారం లేదు. దీనికి ఒక వివరణ ఉంది. హైపోథాలమస్ ఇచ్చే సంకేతాలు అటూ ఇటూ అయితే సహజ అండోత్పత్తి దెబ్బతినవచ్చు. చికిత్సలో ఆ సంకేతాల పనిని బయటి నుంచి ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు చేస్తాయి. ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేవి స్త్రీ వయసు, దానితో మారే అండం నాణ్యత, పిండం స్థితి. బ్రిటన్ గణాంకాల ప్రకారం 35 ఏళ్లలోపు స్త్రీలలో ప్రవేశపెట్టిన ఒక్కో పిండానికి సుమారు మూడింట ఒక వంతు జననాలు జరుగుతాయి. 43 ఏళ్లు దాటినవారిలో, సొంత అండాలతో, అది 5 శాతానికి దగ్గరలో ఉంటుంది.

అయితే ఒత్తిడి మరో దారిలో ఫలితాన్ని మార్చగలదు. ఖర్చు భరించగలిగినా, వైద్యులు కొనసాగించమన్నా, చాలా జంటలు మధ్యలో చికిత్స మానేస్తాయి. అందుకు వారు చెప్పే ప్రధాన కారణాల్లో శారీరక, మానసిక భారం ఒకటని వివిధ దేశాల పరిశోధనలు చూపాయి. అంటే ఒత్తిడి పిండాన్ని నాటుకోనివ్వకపోవడం కన్నా, మనిషిని తరవాతి ప్రయత్నం దాకా నడవనివ్వకపోవడం ఎక్కువగా రుజువైన సంగతి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
3. 2000లో వెలువడిన డోమర్ బృందం ఫలితాలను జాగ్రత్తగా చదవాలనడానికి కారణం ఏమిటి?

9.9 రోగనిరోధక చికిత్సలు : ఆశ, పరీక్ష

1985లో లండన్‌లో మౌబ్రే బృందం పదేపదే గర్భస్రావం అవుతున్న స్త్రీలకు భర్త రక్తంలోని తెల్ల కణాలను ఇంజెక్షన్‌గా ఇచ్చి చూసింది. భర్త కణాలు పొందిన 22 మందిలో 17 మందికి బిడ్డ పుట్టగా, తమ సొంత కణాలనే పొందిన 27 మందిలో 10 మందికి పుట్టింది. ఈ చికిత్స అనేక దేశాలకు పాకింది. 1999లో క్యారొల్ ఓబర్ బృందం మరింత పెద్ద పరీక్ష జరిపింది. మేలు కనిపించలేదు సరికదా, చికిత్స పొందినవారిలోనే విజయాలు తక్కువగా ఉన్నాయి. 2002లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పరిశోధనకు వెలుపల ఈ చికిత్స ఇవ్వరాదని ఆదేశించింది. నిరూపణ కాని పద్ధతి ఏళ్ల తరబడి ఆశగా అమ్ముడైందన్నమాట.

తరవాత రక్తంలోని సహజ హంతక కణాలను లెక్కించే పరీక్షలు వచ్చాయి. యాష్లీ మాఫెట్, ఆమె సహచరులు 2004లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వీటిని విమర్శించారు. రక్తంలోని కణాల లెక్క గర్భాశయంలో జరిగేదాన్ని చెప్పదని వారి వాదన. అయినా ఇలాంటి పరీక్షల ఆధారంగా స్టెరాయిడ్లు, కొవ్వు ద్రావణాల సెలైన్లు ఇవ్వడం ఆగలేదు.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించండి. ఒత్తిడి వల్ల విడుదలయ్యే ప్రధాన హార్మోన్ కార్టిసాల్. రోగనిరోధక శక్తిని తగ్గించడానికి ఇచ్చే ప్రెడ్నిసోన్ కూడా కార్టిసాల్ కుటుంబానికి చెందిన మందే. ఒత్తిడి హార్మోన్ పెరిగితే గర్భం నిలవదని ఒకవైపు భయపెట్టి, మరోవైపు అదే తరహా మందును గర్భం నిలవడానికని ఇస్తున్నారు. రెండు సిద్ధాంతాలూ వేర్వేరు దారుల్లో పెరిగి, ఒకే రోగి దగ్గర కలుసుకున్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారు తక్కువ.

చైనాలోని 8 కేంద్రాల్లో, పదేపదే పిండం నాటుకోని 715 మంది స్త్రీలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఎవరికి ప్రెడ్నిసోన్, ఎవరికి మందు లేని మాత్ర అనేది చీటీ తీసినట్లుగా నిర్ణయించారు. మందు పొందినవారిలో 37.8 శాతం మందికి, పొందనివారిలో 38.8 శాతం మందికి సజీవ జననం జరిగింది. మేలు లేదు. మందు పొందినవారిలో నెలలు నిండకముందే కాన్పులు ఎక్కువయ్యాయి.

రోగనిరోధక లోపాలు గర్భాన్ని ఎన్నడూ దెబ్బతీయవని దీని అర్థం కాదు. ఉదాహరణకు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే స్థితి పదేపదే గర్భస్రావానికి కారణమవుతుంది. దాన్ని నిర్ధారించే పరీక్షలూ, నిర్దిష్టమైన చికిత్సా ఉన్నాయి. నిర్ధారణ అయిన వ్యాధికి చికిత్స చేయడం వేరు, కారణం తెలియని వైఫల్యానికి 'రోగనిరోధక శక్తి' అని పేరు పెట్టి మందులివ్వడం వేరు.

9.10 నేటి అవగాహన

ఐరోపా పునరుత్పత్తి వైద్యుల సంఘం 2015లో సంతాన చికిత్సలో మానసిక, సామాజిక సంరక్షణపై మార్గదర్శకాలు వెలువరించింది. మాట తీరు, స్పష్టమైన సమాచారం, భాగస్వామిని కలుపుకోవడం వంటివి చికిత్సలో భాగం కావాలని అవి చెబుతాయి. మన దేశంలో 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం, జంటలకు నిపుణుల సలహా అందించాలనీ, విజయావకాశాలు, ఖర్చు, దుష్ఫలితాలు, ప్రమాదాలు ముందే తెలపాలనీ కేంద్రాలను ఆదేశించింది.

మానసిక సంరక్షణ ఎందుకు అవసరం? గర్భం శాతం పెరుగుతుందని కాదు. సంతానం కోసం ఎదురుచూసే మనిషి బాధ పడుతున్నారు కాబట్టి. బాధ తగ్గించడానికి మరో ప్రయోజనం చూపనవసరం లేదు. "ప్రశాంతంగా ఉంటేనే నిలుస్తుంది" అని చెప్పడం వల్ల ఉన్న భారానికి మరో భారం తోడవుతుంది. ఆందోళన పడుతున్నానేమోనని కూడా ఆందోళన పడవలసి వస్తుంది. "మీ దిగులు వల్ల ఇది విఫలం కాలేదు" అని వైద్యుడు ఆధారంతో చెప్పగలిగితే, ఆ ఒక్క మాట ఎన్నో సలహాల కన్నా మేలు చేస్తుంది.

9.11 సారాంశం

మనసుకూ గర్భధారణకూ సంబంధం ఉందనే భావన ప్రాచీనమైనది. కరువుల చరిత్ర తీవ్రమైన లేమి సంతానోత్పత్తిని తగ్గిస్తుందని చూపింది. సెల్యే పరిశోధనలతో ఒత్తిడి, మెడావర్ ప్రశ్నతో గర్భకాల రోగనిరోధక సహనం శాస్త్ర విషయాలయ్యాయి. అయితే ప్రయోగశాలలోని తీవ్ర హానికీ, రోగి అనుభవించే ఆందోళనకూ తేడా చెరిగిపోయింది. ఫలితంగా కారణం తెలియని వైఫల్యాలకు మొదట స్త్రీ మనసు, తరవాత ఆమె రోగనిరోధక వ్యవస్థ బాధ్యత మోశాయి. చికిత్స సమయపు ఆందోళన ఆ విడత ఫలితాన్ని పెద్దగా మార్చదని ప్రస్తుత ఆధారాలు సూచిస్తున్నాయి. రోగనిరోధక చికిత్సల్లో చాలావాటికి పెద్ద పరీక్షల్లో మేలు రుజువు కాలేదు. ఒత్తిడి తగ్గించే సహాయం మాత్రం మనిషి క్షేమం కోసం, చికిత్స కొనసాగించే శక్తి కోసం అవసరం.

9.12 ముఖ్యపదాలు

కార్టిసాల్ : అధివృక్క గ్రంథులు విడుదల చేసే హార్మోన్. ఒత్తిడి సమయంలో పెరుగుతుంది.
సహజ హంతక కణాలు : ఒక రకం తెల్ల రక్తకణాలు. గర్భాశయంలో ఉండేవి మాయ ఎదుగుదలకు తోడ్పడతాయి.
రోగనిరోధక సహనం : పరాయి గుర్తులున్న కణాలపై దాడి చేయకుండా ఉండే స్థితి.
మెటా విశ్లేషణ : ఒకే ప్రశ్నపై జరిగిన అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కించే పద్ధతి.
నియంత్రణ బృందం : పరిశోధనలో పోలిక కోసం, పరీక్షిస్తున్న చికిత్స ఇవ్వకుండా ఉంచే బృందం.

9.13 మీ ప్రగతిని సరిచూసుకునే ప్రశ్నలకు సమాధానాలు

1. కరువులో ఆకలి, జబ్బు, వలస, ఎడబాటు, భయం కలిసి ఉంటాయి. వీటిలో ఒక్కదాని ప్రభావాన్ని విడదీసి చూపడం కష్టం.
2. హార్మోన్లను కొలిచే రేడియో ఇమ్యునో పరీక్ష, ఉదరం లోపల చూసే లాపరోస్కోపీ.
3. నియంత్రణ బృందంలో చాలామంది మధ్యలో తప్పుకుని, చివరికి 25 మంది మాత్రమే మిగలడం.

9.14 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఒత్తిడికీ సంతాన చికిత్స ఫలితానికీ గల సంబంధంపై జరిగిన పరిశోధనలను పోల్చి విమర్శించండి.
2. గర్భకాల రోగనిరోధక సహనంపై 1953 తరవాత అవగాహన మారిన క్రమాన్ని వివరించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హాన్స్ సెల్యే 1936 పరిశోధన ప్రాముఖ్యాన్ని, హద్దులను తెలపండి.
2. తెల్ల కణాల ఇంజెక్షన్ చికిత్స చరిత్ర నుంచి మనం నేర్చుకోగల పాఠం ఏమిటి?
3. 'గొడ్రాలు' వంటి మాట సామాజిక చరిత్రకు ఆధారంగా ఎలా ఉపయోగపడుతుందో చర్చించండి.